నీళ్లు లేని కుక్కరు

మొన్న ఆదివారం మా కోడలు కొత్తగా కొన్న ఓవెన్‌లో కేకు పెట్టి, ఎలా పొంగుతోందో చూద్దామని దాని గాజు తలుపుకి మొహం ఆనించినంత పని చేసేసరికి, దూరం జరగమ్మా అని గట్టిగా అరిచేశాను. ఇది పేలదు అత్తయ్యా అని ఆ అమ్మాయి నవ్వేసింది. నా ఈడు వాళ్లయితే నవ్వరు, ఎందుకంటే మనమంతా కుక్కర్లో ఇసుక పోసి కేకులు చేసినవాళ్లం.

తొంభైల నడుమ, నేను తణుకు దగ్గర మా అత్తవారి ఊరికి కొత్త కోడలిగా వచ్చిన ఏడాది, మా ఆడపడుచు తన పాపని తీసుకుని పుట్టింటికి వచ్చింది. అంతకు ముందు ఆవిడకి ఇద్దరు బిడ్డలు ఏడాది నిండకుండానే పోయారు. ఈ పాపకి మొదటి పుట్టినరోజు దగ్గర పడుతోందంటే ఇంట్లో సంతోషం కంటే భయమే ఎక్కువ. పాప తుమ్మితే చాలు, అందరి మొహాలూ పాలిపోయేవి. పాప చేత కేకు కోయించాలని మా ఆడపడుచు కోరిక, బజారు తిండి గుమ్మం లోపలికి రానివ్వనని మా అత్తగారి పట్టుదల, వీళ్లిద్దరి మధ్యా నేను నోరు ఊరుకోక, కేకు చేయడం నాకు వచ్చునని చెప్పేశాను. నిజానికి పెళ్లికి ముందు చేసింది రెండే సార్లు, అదీ మా పిన్ని పక్కనుండి చేయించింది.

పది రోజుల ముందు ఒకసారి చేసి చూద్దామని, సారెలో వచ్చిన కుక్కరుకి గాస్కెట్టూ విజిలూ తీసేసి, అడుగున గోదావరి ఇసుక పోసి, అది వేడెక్కాక పిండి గిన్నె లోపల పెట్టి మూత ఊరికే పైన ఆనించాను. ముప్పావు గంటకి తీసి చూద్దును కదా, చుట్టూ అంచు బాగానే ఉంది, నడిమధ్య గుంట పడిపోయింది. మా ఆడపడుచు ఆ గుంట చూసి, పాపని గుండెకి అదుముకుని గదిలోకి వెళ్లిపోయింది. ఆవిడ మనసులో ఏం మెదిలిందో నాకు అర్థమైంది. పుట్టినరోజునాడు నలుగురిలో ఇలాగే కూలిపోతే, ఆ తర్వాత పాపకి ఒళ్లు కాస్త వెచ్చబడినా అది నా చేతి మీదుగా వచ్చిన అపశకునమే అవుతుంది.

అది మొదలు నాకు అన్నం సయించలేదు. సోడా ఎక్కువైతే గబుక్కున పొంగి కూలుతుందని పిన్ని చెప్పిన మాట గుర్తొచ్చి సోడా తగ్గించాను. మంట పెద్దదైతే అంచులు ఉడికి నడుమ పచ్చిగా ఉండిపోతుందని సెగ తగ్గించాను, మైదా వేశాక గిలకొట్టకుండా మెల్లగా కలిపాను, చివర్లో కొబ్బరి ఈనె గుచ్చి అది పొడిగా వచ్చేదాకా దించలేదు. అయినా రెండోసారీ గుంటే. సగంలో మూత తీస్తే చల్లగాలి తగిలి, ఇంకా గట్టిపడని నడుమ భాగం దిగిపోతుందనీ తెలుసు గనక నేను మూత జోలికే పోలేదు. పైగా అత్తగారి ఎదుట అంతసేపు నిలబడే ధైర్యం లేక, కుక్కరు పొయ్యి మీద పెట్టగానే పెరట్లోకి వెళ్లిపోయేదాన్ని.

పుట్టినరోజు ఉదయం కూడా అలాగే వెళ్లి, మసిగుడ్డ మరిచిపోయానని పది నిమిషాలకే వెనక్కి వచ్చేసరికి, మా అత్తగారు చీర కొంగు మొహానికి అడ్డం చుట్టుకుని, చేయి చాచినంత దూరంలో నిలబడి, పట్టకారుతో కుక్కరు మూత ఎత్తబోతున్నారు.

"అత్తయ్యగారూ, ఏం చేస్తున్నారండీ!" అని అరిచాను. ఆ ఇంట్లో నా గొంతు పైకి లేవడం అదే మొదలు.

ఆవిడ బిక్కచచ్చిపోయారు. "చుక్క నీళ్లు లేకుండా కుక్కరు పెడితే పేలిపోదేంటమ్మాయ్? నువ్వేమో దగ్గరికొచ్చి మొహం పెట్టి చూస్తావు. అందుకనే నువ్వు రాకముందే ప్రతిసారీ కాస్త ఆవిరి వదిలేస్తున్నాను."

రెండుసార్లు కేకుని కూల్చింది సోడా కాదు, సెగ కాదు, నా మొహం కాలిపోతుందేమోనన్న ఆవిడ భయం. నేనేమో ఆవిడకే భయపడి పెరట్లో తిరుగుతున్నాను. తీసేసిన విజిలూ గాస్కెట్టూ తెచ్చి చూపించినా ఆవిడకి నమ్మకం కుదరలేదు గాని, నేను పొయ్యి దగ్గరికి వెళ్లకుండా ఉంటే తానూ మూత ముట్టుకోనని ఒప్పుకున్నారు. ఇద్దరం వంటింటి గడప దగ్గర కూలబడ్డాం. కేకు అయ్యేదాకా నా మణికట్టు వదల్లేదు ఆవిడ, లోపల ఇసుక చిటుక్కుమన్నప్పుడల్లా ఆ పట్టు బిగిసేది. చివరికి మూత తీయడానికి కూడా ఇద్దరం కలిసే వెళ్లాం. పైన చిన్న పగులు వచ్చింది గాని నడుమ నిండుగా పొంగింది. మా ఆడపడుచు దాని మీద అరచేయి ఆనించి చూసి ఏడ్చేసింది. పాప ఒక ముక్క తిని ఇంకోదాని కోసం చేయి చాపింది.

ఆ పాప ఇప్పుడు ఒక బిడ్డ తల్లి. మా అత్తగారు పోయి చాలా ఏళ్లయింది, ఆ రోజు అలా అరిచినందుకు తప్పయిందని ఆవిడకి ఒక్క మాట కూడా చెప్పుకోలేదన్న వెలితి నాకు ఉండిపోయింది. ఇప్పటి కోడళ్లకి అత్తలంటే భయం లేదు, అందుకు నాకు సంతోషమే. ఓవెన్‌లో లైటు వెలుగుతుంది, లోపల ఏం జరుగుతోందో అద్దంలోంచి అంతా కనిపిస్తుంది, ఎవరూ మూత తీయనక్కర్లేదు. ఇవన్నీ తెలిసినా మొన్న నా మనసు ఒప్పుకోక, వెళ్లి మా కోడలి మణికట్టు పట్టుకుని కాస్త వెనక్కి లాగాను. ఆ అమ్మాయి నవ్వింది గాని, కేకు అయ్యేదాకా చేయి విడిపించుకోలేదు.