కంచం మీద పేరు

రెండో భార్యగా పామర్రులో ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచీ మా అత్తగారు నాకు వెండి కంచంలోనే అన్నం పెట్టారు. ఇంట్లో ఉన్న వెండల్లా అదే. తను మాత్రం స్టీలు పళ్ళెంలో తినేవారు. ఆ కంచం నడిమధ్య మా ఆయన మొదటి భార్య పేరు కొట్టించి ఉంది.

పోయిన మనిషి మీద కోపం తప్పని తెలుసు, అయినా వచ్చేది. పప్పన్నం కలిపితే పేరు మునిగేది, మజ్జిగ దాకా వచ్చేసరికి మళ్ళీ తేలేది. వేరే పళ్ళెం అడిగితే ఆవిడ మనసు కష్టపెట్టుకుంటారు. అడక్కపోతే నాకు ముద్ద దిగదు. మా ఆయనతో చెబితే, "వెండిదేగా, ఇంకేం కావాలి?" అన్నాడు. ఆ మహానుభావుడికి ఇంకేం చెప్పను.

ఆ పేరు చెరిపించి నా పేరు కొట్టించుకోవాలని పట్టుదల పుట్టింది. అంచుకు సొట్ట పడిందని అబద్ధమాడి, కంచం పాత చీరలో చుట్టుకుని, బస్సెక్కి విజయవాడ వన్ టౌన్‌లో వెండిపని చేసే కంసాలి దగ్గరికి వెళ్ళాను. ఆయన ఫోన్ లైటు వేసి చూసి, వెనకవైపు వేలితో తడిమాడు.

"ఇది ఇదివరకే ఓసారి చెరిపారండి. పాత పేరు అరగదీసి ఈ పేరు కొట్టారు. మళ్ళీ ఆకురాయి పెడితే చిల్లు పడుద్దండి."

"పాత పేరు ఎవరిదండీ?"

"మొదటి అక్షరం లీలగా కనపడతా ఉంది, అంతేనండి."

వంగి చూశాను. అది మా అత్తగారి పేరులో మొదటి అక్షరం.

తిరుగు బస్సులో కంచం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇన్నాళ్ళూ ఆ మొదటి భార్య చోట్లో నన్ను కూర్చోబెట్టారనుకున్నాను. ఆమెనీ ఇంకొకరిని లేపే కూర్చోబెట్టారు.

ఇంటికొచ్చాక అత్తగారు కంచం అందుకున్నారు. అంచు వైపు చూడనైనా లేదు, తిన్నగా మధ్యలోకే చూశారు.

"ఇంకో పేరుకి చోటుందన్నాడా?"

"లేదన్నాడండీ. మీ పేరు ఎప్పుడు చెరిపించారు అత్తయ్యగారూ?"

"కోడలొస్తుందని మీ మావయ్యగారు పట్టుకెళ్ళారు. నన్నేమన్నా అడిగారా ఏంటి."

ఆ మాటలో కోపం లేదు. అందుకే నాకు భయమేసింది. ఆవిడ కంచం కడిగి, నా ముందు పెట్టి, అన్నం వడ్డించారు. తన స్టీలు పళ్ళెం తెచ్చుకుని పక్కన కూర్చున్నారు.

"తినమ్మా, చల్లారిపోద్ది."

తిన్నాను. ఇప్పటికీ అందులోనే తింటున్నాను. రేపు మా కోడలొస్తే చెరపడానికి అందులో నా పేరంటూ లేదు.