కొంగుగాలి

మొన్న మా అక్క మనవరాలికి కాన్పయితే చూడడానికి దవాఖానాకు వెళ్లాను. కాసేపటికే కరెంటు పోయింది. అందరూ తలలెత్తి ఆగిపోతున్న ఫ్యాను వంకే చూశారు గానీ, చేతిలో కాగితం ఉన్నవాళ్లు కూడా దాన్ని ఆడించలేదు, అదేం చోద్యమో! నేనే కొంగుతో పిల్లకు విసరబోతే నాలుగు విసుర్లకే భుజం పట్టేసింది. అప్పుడు గుర్తొచ్చింది, ఎప్పుడో కోడలిని నా దగ్గరికి మోయించుకొచ్చిన ఆ అత్త.

నేను నర్సుగా చేరిన కొత్తలో దుమ్ముగూడెం అవతల అడవిలో ఒక రేకుల గదే నా ఆసుపత్రి. ఆ ఊరికి కరెంటు స్తంభాలు ఇంకా రాలేదు. ఎండాకాలం ఆ రేకుల కింద నేను పడే అవస్థ చూడలేక మా ఆయన ఖమ్మం వెళ్లి చిన్న చార్జింగు ఫ్యాను తెచ్చిపెట్టాడు. వారానికోసారి టీకాల కోసం దుమ్ముగూడెం వెళ్లినప్పుడు తెలిసినవాళ్లింట్లో దానికి చార్జింగు పెట్టించి, బస్సులో పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని తెచ్చుకునేదాన్ని. తెచ్చాక మాత్రం మహా పిసినారిగా వాడేదాన్ని.

ఒక మే నెల మిట్టమధ్యాహ్నం, పొద్దున ఇంట్లోనే కాన్పయిన పిల్లను మంచం మీద మోసుకొచ్చారు. వెనకాలే పసిగుడ్డునెత్తుకుని ఆడపడుచు, ముందు అత్త. బాలింతకు గాలి సోకకూడదని చెవుల్లో దూది పెట్టి, రెండు దుప్పట్లు కప్పి, తలుపులు మూసి ఉంచారట. ఒళ్లు పెనంలా కాలుతోంది, పిలిస్తే పలకడం లేదు. జీపు కోసం మనిషిని పంపి, దుప్పట్లు లాగేసి, తడిగుడ్డ కప్పి ఫ్యాను తిప్పబోతే అత్త నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు నర్సమ్మా. నా పెద్దబిడ్డ గిట్లనే కాన్పయినంక గాలి సోకి పోయింది. దీన్ని గూడ పోగొట్టుకోలేను."

నాకు కోపం రాలేదు, భయమేసింది. వాదించే వ్యవధి లేదు, ఆమె చెయ్యి వదలదు. చివరికి తనే అంది, "ముందు నాకు పెట్టు. నాకేం గాకుంటే దానికి పెట్టు."

ఫ్యాను ముందు కూర్చుని, కళ్లు మూసుకుని, ఆ గాలిని ముఖాన పట్టింది. అవతల పిల్ల మూలుగుతోంది, ఇవతల చార్జింగు తరిగిపోతోంది, నా ప్రాణం నా దగ్గర లేదు. కాసేపటికి కళ్లు తెరిచి, తన చేతులతోనే ఫ్యానును కోడలి వైపు తిప్పింది.

పిల్ల ఒళ్లు చల్లబడసాగింది గానీ, కళ్లు తెరవకముందే చార్జింగు అయిపోయి ఫ్యాను రెక్కలు మందగించి ఆగిపోయాయి. నేను బిత్తరపోయి చూస్తుండగానే, గాలంటే అంతగా వణికిన ఆ మనిషి కొంగు చేతబట్టి కోడలికి విసరడం మొదలుపెట్టింది. పిల్ల నీళ్లడిగేదాకా విసిరింది, జీపు వచ్చేదాకా విసిరింది, జీపులో నాతోపాటు భద్రాచలం ఆసుపత్రికి పోతూ కూడా విసురుతూనే ఉంది. ఆ పిల్ల బతికింది. తర్వాత బిడ్డనెత్తుకుని టీకాకు వస్తే నాకు ఏడుపాగలేదు.

ఇప్పుడు ఆ ఊరికి కరెంటు వచ్చింది, గదికి స్లాబు పడింది, ఫ్యాన్లు తిరుగుతున్నాయి. మంచిదే, ఎవరూ అలా ఉడికిపోనక్కర్లేదు. నా చార్జింగు ఫ్యాను ఏమైందో కూడా గుర్తులేదు. మొన్న కరెంటు రాగానే వార్డంతా హమ్మయ్య అనుకుని మళ్లీ ఫోన్లలో పడిపోతే, నేను భుజం రాసుకుంటూ ఆమెనే తలచుకున్నాను. అంతసేపు విసిరిన ఆమె చెయ్యి మార్చుకోవడం నేను చూడలేదు.