‘పోల్యా’ అన్న మాట

2023 ఎండాకాలం. కర్నూలులో ఒక జిరాక్సు అంగడి మీద మేడగది నా ఆఫీసు. ఏళ్ల తరబడి డీటీపీ చేసి, ఆన్‌లైన్ మీటింగులు పెరిగాక ట్రాన్‌స్క్రిప్షన్‌లోకి దిగాను. వీడియో మీటింగులో రికార్డయిన మాటల్ని కాగితం మీదికి ఎక్కించడమే ఆ పని. ఇందులో పడ్డవాడికి మనుషుల మీద నమ్మకం తగ్గుతుంది. కెమెరా ముందు నవ్వుతూ ఒప్పుకున్నవాళ్లే, కాగితం చేతికి రాగానే ‘నేనలా అనలేదే’ అంటారు. అందుకని వచ్చిన ప్రతి ఫైలునూ దొంగసొత్తును చూసినట్టు చూడటం నాకు అలవాటైంది.

రాజంపేట వైపు ఒక ప్రైవేటు కాలేజీ మేనేజరు సుధాకర్ ఒక ఫైలు పంపాడు. హాస్టల్ పిల్లల దగ్గర తీసుకుని ఆఫీసు గదిలో దాచిన సెల్‌ఫోన్లలో మూడు ఆదివారం మధ్యాహ్నం కనబడకుండా పోయాయట. గదులు తుడిచే ఆయా హుసేన్‌బీ మీద నింద పడింది. కడపలో ఉండే ఒక రిటైర్డ్ లెక్చరర్ ఆమెను వీడియో మీటింగులో విచారించాడు. పనిలో ఉంచాలా తీసేయాలా అని తేల్చేది మాత్రం హైదరాబాదులోని యాజమాన్యం. వాళ్లు వీడియో చూడరు, కాగితం చదువుతారు.

“సాఫ్ట్‌వేర్ తీసిన డ్రాఫ్ట్ కూడా పెట్టాను. అచ్చుతప్పులు దిద్ది సాయంత్రానికి ఇచ్చేయండి. రికార్డింగులో మేమేమీ కత్తిరించలేదండీ,” అన్నాడు సుధాకర్ ఫోన్లో.

కత్తిరించారా అని నేను అడగనే లేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఈయనకెందుకింత ఆత్రం అనుకున్నాను.

ఆటో డ్రాఫ్ట్ అంటే యంత్రం తనంతట తాను విని రాసిన తొలిప్రతి. దాన్ని తెర మీద పెట్టుకుని, వింటూ దిద్దుకుంటూ పోవాలి. పన్నెండో నిమిషంలో అసలు ప్రశ్న వచ్చింది.

“ఆదివారం మధ్యాహ్నం ఆ గదిలోకి పోయినావా, లేదా?”

డ్రాఫ్టులో ఆమె జవాబు “పోయా సార్” అని ఉంది. నాకూ అలాగే వినిపించింది. క్లీన్ కాపీలో, అంటే యాసా నసుగుడూ తీసేసి రాసే ప్రతిలో, “వెళ్లాను సార్” అని మార్చాను. ఇంత సులువుగా ఒప్పుకుందంటే దొంగే అయ్యుంటుంది అనుకున్నాను కూడా. ఆ సంగతి ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

ఆ వెంటనే లెక్చరర్ అడిగాడు. “పోకుంటే మరి తాళంచెవి నీ కాడ ఎందుకుండాది?”

“పొద్దున తుడిసేకి ఇచ్చినారు సార్.”

నాకు చుర్రుమంది. పోయానన్న మనిషిని ‘పోకుంటే’ అని ఎవరైనా అడుగుతారా? మధ్యలో ఏదో ముక్క లేపేశారు! ఆమె వెనక గోడగడియారం ఉంది. సెకన్ల ముల్లు ఎక్కడైనా గెంతిందేమోనని ముందుకూ వెనక్కీ తిప్పి చూశాను. ఫ్యాను గాలికి క్యాలెండర్ ఊగే తీరు కూడా చూశాను. గంట గడిచినా అతుకు దొరకలేదు. సుధాకర్ నేననుకున్నదానికంటే గట్టివాడు అనుకున్నానే గానీ, నా మీద నాకు అనుమానం రాలేదు.

వీడియో చివరిలో మీటింగు ముగిసింది. అందరూ తెర మీద నుంచి వెళ్లిపోయారు. ఎక్కడ నొక్కి బయటికి రావాలో తెలియక హుసేన్‌బీ అలాగే కూర్చుంది. కొంగుతో ముఖం తుడుచుకుని, పక్కనున్న వంటామెతో ఏదో అంది. డ్రాఫ్టులో అది “నా మాట వాళ్లకు వినపడాల” అని పడింది. మీటింగు అయిపోయాక వచ్చే మాటలు తీసేయడం మా పద్ధతి. తీసేయబోయి ఆగాను. ఆ వాక్యానికీ ఆమె ముఖానికీ పొంతన కుదరలేదు. డ్రాఫ్టు మూసేసి, వేగం సగానికి తగ్గించి, కళ్లు మూసుకుని విన్నాను.

“నా మాట వాళ్లకు ఇనపడల్యా అక్కా.”

వినపడలేదు అంటోంది! గబగబా పన్నెండో నిమిషానికి పోయాను. “పోల్యా సార్.” పోలేదు సార్ అని. ఆ ‘ల్యా’ను యంత్రం మింగేసింది. యంత్రానికి సీమ మాట తెలియదు, సరే. ఈ సీమలోనే, కోడుమూరులో పుట్టి పెరిగిన నాకేమొచ్చింది? కళ్లెదుట ‘పోయా’ అని అక్షరాలుంటే చెవి వాటినే నమ్మింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, తప్పు నా దగ్గర ఉంచుకుని గడియారం ముల్లును అనుమానించాను.

సుధాకర్‌కు ఫోన్ చేశాను. “ఆ డ్రాఫ్టు హైదరాబాదుకు పంపలేదు కదా?”

“వాళ్లు తొందరపెడితే పొద్దున్నే పంపానండీ. ఒప్పుకుంది కాబట్టి తీసేస్తున్నామన్నారు. ఆర్డరు రేపు వస్తుంది.”

“ఆమె ఒప్పుకోలేదు. పోలేదనే చెప్పింది.”

“పోయా అనే కదండీ వినపడుతోంది! మాది భీమవరం అయితే మాత్రం, ఆమాత్రం తెలుగు రాదా?”

“విచారణ చేసిన సారును లైన్లోకి తీసుకోండి.”

తీసుకున్నాడు. కడప లెక్చరర్ విని విసుక్కున్నాడు. “పోల్యా అంటే పోల్యా అనే కదప్పా! దానికి అర్థం గూడా చెప్పాల్నా?”

క్లీన్ కాపీ పక్కన పడేసి వెర్బేటిమ్ రాశాను. అంటే మాటకు మాట, యాసతో సహా. ఆ జవాబు పక్కన టైమ్‌స్టాంప్, అంటే వీడియోలో అది వచ్చే నిమిషమూ సెకనూ వేసి, అర్థం రాసి పంపాను. నేను దొంగను చేసిన సుధాకరే హైదరాబాదుకు ఫోన్ చేసి, వీడియోలో ఆ చోటు వినేదాకా వాళ్లను వదల్లేదట. ఆర్డరు ఆగింది. ఫోన్లు ఎవరు తీశారో నా దాకా రాలేదు. హుసేన్‌బీ పనిలోనే ఉందని వారం తర్వాత చెప్పాడు.

అప్పటి నుంచి డ్రాఫ్టు చూడకుండా ఒకసారి మొత్తం విన్నాకే కీబోర్డు మీద చెయ్యి పెడుతున్నాను. అందరినీ అనుమానించేవాడు ముందు తన చెవిని అనుమానించాలని నాకు ఆ ఫైలు నేర్పింది.

ఆ పొద్దు ఇంటికి పోయేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. “ఏమప్పా, అన్నం తిన్యావా?” అంది మా అమ్మ లోపల్నుంచి.

“తినల్యామా,” అన్నాను.

ఆమె రెండోసారి అడగలేదు. కంచం పెట్టింది.