మంచులో పెట్టిన సీసా

తొంభైల చివర్లో ఒక చలికాలం మా ఇంట్లో పోయినవాటి లెక్క ఇది. మా అమ్మాయి ఒంట్లోంచి మూడు కిలోలు. అప్పటికి దానికున్నవే పదమూడు. దాని కాలి పట్టీ ఒకటి. రెండోది ఉంది, కానీ ఒంటి పట్టీ ఏ కాలికి పెట్టాలో తెలియక డబ్బాలో పడి ఉంది. నా చెప్పులు ఒక జత, ఆసుపత్రి వరండాలో. నా తెలివి మీద మా ఆవిడకున్న కాస్త నమ్మకం. చివరగా, సీసాడు చీము. నిజానికి అది పోలేదు, చేరాల్సిన చోటికి భద్రంగా చేరింది. అయినా దాన్ని పోయినవాటిలోనే వేశాను.

మాది జాలరిపేట. నాకు సముద్రం పడదు. పడవెక్కిన కాసేపటికే కక్కుకునేవాణ్ని కాబట్టి మా నాన్న నన్ను ఒడ్డున ఉన్న ఐసు ఫ్యాక్టరీకి అప్పజెప్పాడు. చదువు అయిదుతో ఆగింది గానీ లెక్కలు నా అంతట నేనే నేర్చుకున్నాను. ఎన్ని చేపలకు ఎంత మంచు, ఎంత ఎండకు ఎంత కరుగుతుంది, కాగితం లేకుండా చెప్పేవాణ్ని. మంచు గురించి నాకు తెలియనిది లేదని పేటలో అనేవారు. నేనూ కాదనేవాణ్ని కాదు.

పిల్లకు దగ్గు మొదలైనప్పుడు సందు చివరి డాక్టరుకు చూపించాం. ఆయన్ని డాక్టరు అనేది మేమే. ప్రభుత్వానికి ఆ సంగతి తెలియదు. ఎర్ర సిరప్పు ఇచ్చాడు. తగ్గకపోతే పసుప్పచ్చ సిరప్పు ఇచ్చాడు. రంగులన్నీ అయిపోయేసరికి పిల్ల డొక్కలెగరేస్తోంది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం గుంటపడుతోంది. అప్పుడాయన, ఇంక ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. ఆయన ఇచ్చిన మందుల్లో పనిచేసింది ఆ మాటొక్కటే.

మల్కాపురంలో ఒక పిల్లల డాక్టరమ్మ ఉండేది. ఎక్స్‌రేని కిటికీ వెలుతురుకు పట్టి చూపించింది. ఛాతీలో ఒక పక్క నల్లగా ఉంది, రెండో పక్క సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. తెల్లటిదే బాగున్న పక్క అనుకుని నేను కొంత సంతోషించాను కూడా. ఆ తెల్ల పక్కన వీపులో సూది గుచ్చి లాగితే చీము వచ్చింది.

"ఇలా చీము పట్టించే పురుగులు ముఖ్యంగా రెండు," అంది డాక్టరమ్మ. "చీము తీసేశాను కాబట్టి ఇక రెండింటి మందులూ ఎక్కించడం మొదలుపెడతాను. మొదటి రకమైతే గొట్టం వేసి ఇక్కడే నయం చేస్తాను. రెండోదైతే మొండిది, ఛాతీ కోసి శుభ్రం చేసే చోటికి పంపాల్సి రావచ్చు. ఈ ఒంటితో పాప అంత దూరం, అంత ఆపరేషను తట్టుకుంటుందని నేను చెప్పలేను. అందుకని ఏ పురుగో నాకు తెలియాలి. ఈ సీసా ఊళ్లో ల్యాబుకి పట్టుకెళ్లండి. దారిలో పాడవకూడదు, జాగ్రత్త."

పాడవకూడదు. ఆ మాట మాలాంటివాళ్లతో అనకూడదు.

మా అక్క మొగుడు, అంటే మా బావ, వేటనుంచి నేరుగా వచ్చి ఆసుపత్రి బయట నిలబడి ఉన్నాడు. మోపెడ్ వెనక చేపల థర్మాకోల్ పెట్టె కట్టే ఉంది. నేను సీసాను చొక్కా జేబులో పెట్టుకోబోయాను.

"జేబులోనేటి బావా," అన్నాడు నాతో. "ఒంటి యేడికి కుళ్లిపోదేటి? మంచు కంపెనీలో గుమస్తావి, నీకు నాను సెప్పాలా?"

సిగ్గేసింది. దగ్గర్లో సోడాల కొట్టువాడి దగ్గర మంచుగడ్డ తీసుకుని, గోనెలో వేసి చితక్కొట్టాం. గడ్డలుగా వేస్తే సీసా పగులుతుందని పొడిగా చేసి, కింద రెండు వేళ్ల మందం, పైన మూడు వేళ్ల మందం సర్దాను. ఎగుమతి రొయ్యకు జరిగే మర్యాద అది. మా ఆవిడ గుమ్మంలోంచి చూస్తోంది.

"ఏటన్నియ్యా, సీముని కూడా బేరానికెట్టేత్తన్నారేటి?" అంది బావతో.

"నువ్వూరుకో సెల్లీ. రొయ్యలు ఇందులోనే జపానెల్తన్నాయి. ఇది ఊళ్లోకి ఎల్లలేదేటి?"

ఇద్దరం మోపెడ్ మీద బయల్దేరాం. పోర్టు గేటు దగ్గర ఖనిజం రైలు అడ్డం వచ్చింది. అది కదిలేదాకా వేగన్లు లెక్కపెట్టాను, ఏభై ఎనిమిది. మూత తీసి చూస్తే మంచు నేననుకున్నంతే కరిగింది. ఒక లెక్క తప్పకుండా వచ్చినప్పుడు మనిషికి కలిగే తృప్తి నాకు కలిగింది.

ల్యాబులో పురుగుల పరీక్షలు చూసే మేడమ్ పెట్టె మూత తీసి వెనక్కి జరిగింది.

"చేపలు వెనక గుమ్మం వైపు ఇవ్వండి," అంది.

"సేపలు కావండి, మా పాప సీము," అన్నాడు బావ. మంచులో చెయ్యి పెట్టి సీసా పైకి తీశాడు. దానికి ఒక పొలుసు అంటుకుని ఉంది. "సెడిపోకుండా తెచ్చినామండి. ముట్టుకు సూడండి, ఎంత సల్లగుందో."

ఆవిడ ముట్టుకుంది.

"చాలా చల్లగా ఉంది," అంది. "లోపలున్నవి కూడా చల్లబడిపోయుంటాయి. ఇవి పిల్లల ఒంటి వేడికి అలవాటు పడ్డ పురుగులు. చలికి బతకవు. వీటిని మేము ఇక్కడ పెంచి చూస్తేనే ఏవో తెలుస్తుంది. చొక్కా జేబులో పెట్టుకుని వస్తే సరిపోయేది."

నేను జేబు వైపు చూసుకోలేదు. బావ మాత్రం తగ్గలేదు.

"సచ్చిపోతే మంచిదే గదండి? అందుకే గదా ఇంత గొడవ."

"సీసాలోవి చస్తే ఏం లాభమయ్యా? పాపలోవి చావాలి."

ఇంకో సీసా తెస్తామన్నాను. సూది మందు ఎక్కాక తీసిన చీములో ఇవి పెరగడం కష్టమంది. అంటే మా అమ్మాయి లోపలి శత్రువు ఎవరో చెప్పగల సాక్షిని మేమే, ఎంతో శ్రద్ధగా, మూడు వేళ్ల మంచు కప్పి చంపుకొచ్చామన్నమాట. అక్కడున్న బల్ల మీద కూర్చున్నాను.

మేడమ్ కాసేపటికి పిలిచింది. ఆ చీమును చుక్కంత గాజు పలక మీద పూసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టింది.

"చచ్చినా ఆకారం కొన్నాళ్లుంటుంది. చూస్తారా?"

చూశాను. గులాబీ రంగు మరకల మధ్య ఊదా రంగు చుక్కలు. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. ఎక్కడ మొదలుపెట్టినా రెండేసి, రెండేసి.

"జతలుగా ఉన్నాయండి," అన్నాను.

"అదే కావాలి. డాక్టరమ్మ భయపడే రెండోదైతే ద్రాక్షగుత్తుల్లా ఉంటాయి. ఇది మొదటిదిలా ఉంది. కానీ ఆకారం చూసి పేరు రాసివ్వను. పెరిగితేనే పేరు. మీరు తెచ్చింది పురుగుల్ని పెంచే ప్లేట్ల మీద వేస్తాను, అదృష్టం ఉంటే ఏదైనా లేస్తుంది."

ఆవిడ మల్కాపురానికి ఫోన్ చేసింది. జతలు అన్న మాట మీద డాక్టరమ్మ పిల్లను ఎక్కడికీ పంపలేదు. పక్కటెముకల మధ్య గొట్టం వేసి, పెన్సిలిన్ ఉంచి, మొండిదాని మందు ఆపేసింది. ఇదంతా తెలిశాక మా ఆవిడ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడింది, మాట్లాడకపోతేనే బాగుండుననిపించింది.

"సేపని సావనిచ్చి తెత్తారు, పురుగుని సావకుండా తేలేరు. మీ పేటోళ్లకి పేణం ఉన్నదేదీ అప్పజెప్పకూడదు," అంది. ఆవిడదీ మా పేటే.

అయిదో రోజు జ్వరం దిగింది. గొట్టంలో చీము పోయి నీళ్లు, నీళ్లు పోయి ఏమీ రాకపోవడం అయింది. పిల్ల లేచి కూర్చుని చేపల పులుసు అడిగింది. ల్యాబు ప్లేట్ల మీద మాత్రం ఏమీ లేవలేదు. 'పెరుగుదల లేదు' అని రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ అది చదివి, అక్కడికొచ్చే పిల్లల్లో ఎంతోమందికి చివరికి ఇదే జవాబు వస్తుందని, కాకపోతే మంచు కారణం కావడం ఇదే మొదటిసారని చెప్పింది. ఒక విషయంలో నేను మొదటివాణ్నయ్యాను.

బావ ఆ పాఠం మరిచిపోలేదు. ఆ తర్వాత కొన్నేళ్లకు ఆయనకు షుగరు పరీక్ష రాస్తే మూత్రం సీసాను చొక్కా జేబులో, గుండెకు ఆనించి, చెయ్యి అడ్డం పెట్టుకుని తీసుకెళ్లాడు. మూత సరిగ్గా బిగించలేదు.

పోయినవాటిలో చాలావరకు తిరిగొచ్చాయి. మూడు కిలోలూ వచ్చాయి, వడ్డీ కూడా వచ్చింది, ఇప్పుడు తగ్గించుకోవాలంటోంది పిల్ల. చెప్పులు కొనుక్కున్నాను. నమ్మకం కొంచెం కొంచెంగా జమ అవుతోంది. ఏడాదికోసారైనా అమ్మాయి పక్కటెముకల మీది గొట్టం మచ్చ తడుముకుని, "నాన్నా, ఇంతకీ నాకొచ్చింది ఏటి?" అంటుంది. జతలుగా ఉండేదమ్మా అంటాను. పేరడుగుతుంది. రిపోర్టులో ఆ చోటు ఖాళీగానే ఉంది. ల్యాబు నుంచి మాకింకా రావలసింది, పేరు: ఒకటి.