మొదటి పువ్వు ఎవరింటికి

మా ముత్తక్క కుట్టుమిషను నా కష్టం. తొమ్మిదేళ్ల వయసులో ఎలుగుబంటిని ఒంటిచేత్తో తరిమి, గంపెడు ఇప్పపువ్వు ఏరి, సంతకు మోసి ఆ మిషను తెచ్చాను. పాల్వంచలో మా క్వార్టర్ల వరసలో ఈ మాట వినని మనిషి లేడు. ఈ పొద్దున అక్క ఊరి నుంచి బస్సులో వచ్చి సంచి విప్పింది. ఎండిన ఇప్పపువ్వు వాసన, బెల్లానికీ పులుపుకూ మధ్యనుండే ఆ మత్తు వాసన, వంటిల్లంతా నిండింది. దాంతోపాటు నా కోపమూ లేచింది.

ఎండలు ముదిరే ముందు మా ఊళ్లో ఇప్పచెట్ల కింద ఆకులు కాల్చి నేల శుభ్రం చేసేవాళ్లు. తెల్లవారుతుండగా పువ్వు టపటపా రాలేది. మేకలు రాకముందే ఏరుకోవాలని ఆడవాళ్లు గంపలతో పరుగెత్తేవాళ్లు. వేల్పుకు పెట్టకముందు ఒక్క పువ్వు నోట్లో వేసుకున్నా అమ్మ నా వీపు చిట్లగొట్టేది. ఇప్పపువ్వు పండుగనాటి మొదటి పువ్వు ఎవరూ ఇంటికి తీసుకెళ్లరు. వేల్పు గద్దె ముందు పరిచిన ఒకే చాప మీద ఊరంతా పోయాలి. అప్పుడు పూజారి తాత అడిగేవాడు: "ఈ ఏడు ఎవల కోరిక మోద్దాం?" లేచి చెప్పినవాళ్ల కోరిక ఊరి కోరికయ్యేది, చాప మీది పువ్వంతా వాళ్లదయ్యేది.

ఆ ఏడు లేచింది మా పెద్దనాన్న కూతురు ముత్తక్క. పసితనంలో జ్వరమొచ్చి ఒక కాలు సన్నబడింది. పొలానికీ అడవికీ పోలేని పిల్లను "కూసుండి తినేది" అని ఊరు వెనకాల అనేది, ఒక్కోసారి ముందే అనేది.

"బట్టలు కుడత తాతా" అంది, తలెత్తకుండా.

ఆ మాటలన్నవాళ్ల గంపలు కూడా ఆ చాప మీదే బోర్లపడ్డాయి.

సంతలో పువ్వు అమ్మి, తాత వెంట మిషన్ల దుకాణానికి వెళ్లాం. దుకాణదారు అక్క కాలు చూసి నవ్వాడు. "కుంటిదానికి మిషనెందుకయ్యా? తొక్కేదెవరు?" ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ పళ్లు నూరుకుంటాను. తాత గొంతు పెంచలేదు. "చేత్తో తిప్పేది లేదా? లేకుంటే చెప్పు, ఇంకో దుకాణం జూస్కుంటం." అటక మీద నుంచి దుమ్ము పట్టిన చేతిమిషను దిగింది. కావడికి ఒక వైపు దాన్నీ, ఇంకో వైపు ఉప్పుమూటనూ కట్టి, పెద్దవాళ్లు భుజాలు మార్చుకుంటూ ఊరిదాకా మోశారు. ఆ తర్వాత ఊళ్లో అక్క కుట్టని రవిక లేదు.

మోశారన్నాను కదా. నేను మోయలేదు, ఉప్పుమూట మీద చెయ్యేసి నడిచాను. గంప మా అమ్మది. ఎలుగుబంటి అన్నది కాలి నల్లబడ్డ చెట్టుమొద్దు. దాన్ని చూసి కేకలేస్తూ చెట్టెక్కింది నేనే. సరే, అవన్నీ కోతలు. నా కోపం మాత్రం కోత కాదు. ఇప్పుడు పండుగంటే మైకులు, ఫొటోలు. ఎవరి గంప వాళ్లింటికే. ఒకే వేల్పుకు మొక్కుతూ, పక్కింటి పిల్ల ఏం కావాలనుకుంటోందో అడగడానికి నోరు రాదు. సిగ్గు లేదా? ఆ చాపను చుట్టి ఏ మూల పారేశార్రా?

ఇంతవరకు రాసి, అక్కకు గట్టిగా చదివి వినిపించాను. ఆమె చేటలో పువ్వు పోసుకుని పుల్లలు ఏరుతూ విన్నది.

"అయిపోయిందా, లచ్చయ్యా?"

"అయింది."

"నిరుడు మొదటి పువ్వు పూజారి మనవరాలు గంగికిచ్చినం. ఆటో నడుపుడు నేర్సుకుంటనన్నది పిల్ల. పొద్దున అది నడిపిన ఆటోలనే బస్సు కాడికొచ్చిన." చేట నా వైపు తోసింది. "చాప యాడికీ పోలే. పండుగకు రావుడు బంద్ జేసింది నువ్వు."