అవ్వ నోట రాని నామం

మా ఇంట్లో రెండు పొయ్యిలు. లోపలి గదిలో ఉన్న గ్యాసు పొయ్యి అవ్వది, నాది. వెనక రేకుల కింద ఉన్న కట్టెల పొయ్యి అమ్మది, బాపుది. బాపు శామీర్‌పేట చెరువులో చేపలు పడతాడు. అమ్మ వాటిని కరీంనగర్ రోడ్డు పక్కన పట్టా పరిచి అమ్ముతుంది. మా బంధువులందరిదీ అదే బతుకు. అలాంటి ఇంట్లో మా అవ్వ, అంటే బాపును కన్న తల్లి, తులసి మాల వేసుకుంది. నేను పుట్టకముందు సంగతి అది. మాల మెడలో పడ్డాక చేప ముట్టకూడదు, మాంసం ముట్టకూడదు, అవి ఉడికిన గిన్నెలో నీళ్లు కూడా తాగకూడదు. అందుకే పొయ్యి వేరు, గిన్నెలు వేరు, బిందె వేరు. బాపు చెరువు నుంచి రాగానే వల బయట దండెం మీద ఆరేసి, కాళ్లు కడుక్కుని, అంగీ మార్చుకున్నాకే అవ్వ గదిలోకి వచ్చేవాడు. అలా చేయమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. తనకు తానే పెట్టుకున్న నియమం.

చిన్నప్పటి నుంచి నేను అవ్వ పక్కలో పడుకున్నాను, అవ్వ కొంగు పట్టుకుని భజన మందిరానికి పోయాను. బడిలో నేర్చిన అక్షరాలను మొదట వాడింది మందిరంలో శ్లోకాలు చదవడానికే. అవ్వకు చదువు రాదు. సాయంత్రాలు నేను చదివేదాన్ని, ఆమె వెంట అనేది. పుస్తకం చూస్తూ కూడా నేను తడబడేదాన్ని గాని, ఒక్కసారి చెవిన పడ్డది ఆమె మరిచిపోయేది కాదు. కొంచెం పెద్దయ్యాక నేనూ మాల వేసుకున్నాను. ఎవరూ బలవంతం చేయలేదు. దేవుడు ఉన్నాడా అని నన్ను నేను ఎన్నడూ ప్రశ్నించుకోలేదు. ఇంట్లో అమ్మ ఉందా అని ఎవరైనా ప్రశ్నించుకుంటారా?

ఇప్పుడు నాకు పదిహేడేళ్లు. మేడ్చల్‌లో ఇంటర్ చదువుతున్నాను. కాలేజీలో నా పేరు స్వామీజీ. తోటి అమ్మాయిలు బిర్యానీ తినడానికి పోతే నేను బయట బస్‌స్టాప్ బల్ల మీద కూర్చుంటాను. "స్వామీజీ, జర మా బ్యాగులకు గూడ మోక్షం ఇప్పియ్యి" అని సంచులన్నీ నా ఒళ్లో పడేసి పోతారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. తిరిగి వచ్చేటప్పుడు నాకోసం అరటిపళ్లు తెస్తారు. వాళ్లు మాట్లాడుకునే సినిమాలు, గొడవలు, ఎవరు ఎవరికి మెసేజ్ పెట్టారన్న ముచ్చట్లు నేనూ వింటాను, నవ్వుతాను. కాని సాయంత్రం ఆటో దిగి ఇంటి సందులో నడిచేటప్పుడు, నా అసలు జీవితం ఇక్కడే ఉందని అనిపించేది. అవ్వ దీపం వెలిగించి నాకోసం చూస్తూ ఉండేది.

మందిరంలో మాకు అన్నిటికన్నా ఎక్కువగా నేర్పింది ఒకటే. చివరి ఊపిరి విడిచేటప్పుడు మనసు దేనిని పట్టుకుని ఉంటుందో, జీవుడు అక్కడికే పోతాడు. అప్పుడు నోట నామం ఉంటే హరిని చేరుతాడు. ఇల్లో, పిల్లలో, పొలమో మనసులో ఉంటే మళ్లీ ఇక్కడే పుడతాడు. రోజూ చేసే జపమంతా ఆ ఒక్క ఘడియ కోసం చేసే అభ్యాసమని మా గురువుగారు చెప్పేవారు. ఆయన వృత్తి వడ్రంగం, మా భజనకు పెద్ద. ఆయన ఎంత గంభీరంగా చెప్పినా ఆడవాళ్లు ఊరుకునేవారు కాదు. "నేనైతే ఏ కొర్రమట్టనో తలుసుకుంట పోత. మల్ల గీ చెర్లనే పుడ్త, నా కొడుకే వలేసి పడ్తడు" అని అవ్వ అన్నది ఒకసారి. పక్కన కూర్చున్న ఆమె తాళాలు ఆపి, "పడితే పట్టె గని, అగ్గువకు అమ్మొద్దని జెప్పు" అన్నది. గురువుగారు కూడా నవ్వారు. అవ్వ అంత ధైర్యంగా నవ్వగలిగిందంటే తన నామం మీద ఆమెకు అంత నమ్మకం. నిద్రలో పక్కకు తిరిగినా ఆమె నోట హరి అనే వచ్చేది. అది నేను విన్నాను.

పోయిన వానాకాలం ఒక పొద్దున దీపం పెడుతూ అవ్వ కింద పడిపోయింది. మేడ్చల్ ఆసుపత్రిలో కొన్నాళ్లు ఉంచి పంపారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట మాత్రం కొద్దికొద్దిగా వచ్చింది. వచ్చిన మాటలు విని మేము భయపడ్డాం. నన్ను చూసి "ఎవరి పొల్ల?" అని అమ్మను అడిగింది. బాపును చూసి "ఇంక బడికి పోలేదా?" అన్నది. నెత్తి మీద గంపతో మేడ్చల్ అంగడికి నడిచిపోయిన రోజులు, బొచ్చె, రవ్వు, కొర్రమట్ట చేపలు, బేరమాడిన మనుషులు, ఇవన్నీ ఆమెకు ఉన్నాయి. మాల వేసుకున్న తర్వాతి కాలమంతా పోయింది. కొందరికి అట్లా అవుతుంది, వెనకటివి మిగులుతాయి, తర్వాతవి పోతాయి అని డాక్టరు చెప్పాడు. ఆ తర్వాతివాటిలో నేను ఉన్నాను. నామం ఉంది.

నన్ను మరిచిపోయినందుకు ఏడ్చాను గాని, అది భరించాను. రెండోది భరించలేకపోయాను. కాలేజీ నుంచి రాగానే బట్టలైనా మార్చుకోకుండా మంచం పక్కన కూర్చునేదాన్ని. "హరి అను అవ్వా" అని ఒక్కో అక్షరం విడదీసి చెప్పేదాన్ని. ఆమె నా పెదవుల వంక వింతగా చూసేది. ఒకరోజు "హ" అన్నది. నేను వాకిట్లోకి ఉరికి అమ్మకు చెప్పాను, పక్కింటివాళ్లకు చెప్పాను. తిరిగి వచ్చేసరికి మళ్లీ "హా" అని నోరు తెరిచింది. ఆవలింత.

ఏకాదశి నాడు మందిరంలోని వాళ్లంతా వచ్చి ఆమె మంచం చుట్టూ కూర్చుని, ఆమె ఎన్నో ఏళ్లు పాడిన కీర్తనలే పాడారు. పాట వింటే నాలుక దానంతట అదే కదులుతుందని గురువుగారి ఆశ. నాదీ అదే ఆశ. అవ్వ బాగున్న చేత్తో చెవి మూసుకుని ముఖం చిట్లించింది.

"ఏందే గీ లొల్లి? జర ఊకోండ్రి."

ఒకరిద్దరికి నవ్వు వచ్చింది, వెంటనే ఆగిపోయింది. గురువుగారు తాళాలను సంచిలో పెట్టుకుంటూ నా వైపు చూడలేదు.

ఆ తర్వాత ఆమె చేపలు అడగడం మొదలుపెట్టింది. నేను వండిన పప్పు, పెరుగన్నం నోట్లో పెడితే ఉమ్మేసేది. కొర్రమట్ట తేలేదా, గంపలో ఏమీ మిగలలేదా అని అడిగేది. మందిరంలో ఆమె ఆడిన పరాచికం నాకు గుర్తుకు వచ్చి భయం వేసేది. తినక తినక ఆమె చెంపలు లోపలికి పోయాయి. ఒక పొద్దున బాపు చెరువుకు పోకుండా గడపలో కూర్చుని నన్ను పిలిచాడు.

"బిడ్డా, నువ్వు సదువుకున్నదానివి. శాస్త్రం తెల్సినదానివి. పెట్టాల్నా వద్దా, జెప్పు."

గురువుగారిని అడుగుదాం అన్నాను.

"ఆయనను గాదు. నిన్ను అడుగుతున్న."

అయినా నేను గురువుగారి దగ్గరికే పోయాను. ఆయన చిత్రిక పడుతున్న పలకను పక్కన పెట్టారు. మాల ఉండగా పెట్టడానికి లేదన్నారు. పెట్టాలంటే మాల తీయాలి. ఇన్నేళ్ల సాధన తర్వాత ఈ ఘడియలో మాల తీస్తే ఇక ఆమెకు ఏం మిగులుతుంది అని నన్నే అడిగారు. ఆ మాటే వచ్చి బాపుకు చెప్పాను. ఆయన లేచి వల భుజాన వేసుకుని పోయాడు.

మధ్యాహ్నం ఆయన తెచ్చింది కొర్రమట్ట. ముళ్లు తక్కువని ఏరి తెచ్చాడు. అమ్మకు ఇచ్చి, అవ్వ మంచం దగ్గరికి వచ్చాడు.

"ఆమెకు మాల యాదికే లేదు బిడ్డా. మనకే ఉన్నది" అన్నాడు నాతో.

వల ముడులు విప్పే వేళ్లు అవి. మాల ముడి ఇట్టే వచ్చేసింది. దాన్ని నా చేతిలో పెట్టాడు, నేను దేవుని ముందు పెట్టాను. వెనక కట్టెల పొయ్యి మీద చింతపులుసు ఉడుకుతున్న వాసన లోపలి గదిలోకి వచ్చింది. అవ్వ తల వాకిలి వైపు తిప్పింది. నేనే ముళ్లు తీసి ముద్దలు కలిపాను. ఆమె తిన్నది. అన్నీ తిన్నది. "ఉప్పు తక్కువైంది" అని అమ్మను తప్పు పట్టింది. అమ్మ నవ్వుతూనే కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. ఆ రోజు మా ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు. నేను సబ్బుతో చేతులు కడుక్కున్నాను, మళ్లీ కడుక్కున్నాను.

తర్వాత వచ్చిన ఆదివారం పగటిపూట, అమ్మ రోడ్డు మీద, బాపు నీళ్లలో ఉన్నప్పుడు, అవ్వ ఊపిరి మారింది. ఏం చేయాలో నాకు తెలుసు. తులసి నీళ్లు నోట్లో వేశాను. చెవిలో నోరు పెట్టి నామం చెప్పసాగాను. ఆమె కళ్లు తెరిచింది. పెదవులు కదిలాయి. వస్తోంది అనుకున్నాను. నా జీవితంలో దేనికోసమూ అంతగా ఎదురుచూడలేదు, అంతగా వేడుకోలేదు. ఆమె బాగున్న చెయ్యి ఎత్తి, వేళ్లు దగ్గరికి చేర్చి, ముద్ద పట్టుకున్నట్టు నా నోటి దగ్గరికి తెచ్చింది.

"ముల్లు దీసిన. తిను కొడుకా."

అంతే. నేను నామం చెబుతూనే ఉన్నాను. చాలాసేపటికి గాని, ఇక వినేవాళ్లు లేరని ఒప్పుకోలేకపోయాను.

ఫోను చేయగానే బాపు తడి బట్టలతో, బురద కాళ్లతో నేరుగా గదిలోకి వచ్చాడు. కొంతసేపటికి ఏమన్నా అన్నదా అని అడిగాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన నేల మీద కూలబడి ఏడ్చాడు. ఆ ఏడుపులో ఏదో తేలిక ఉంది. "నన్నే. నన్నే అన్నది" అన్నాడు. చూడటానికి వచ్చిన ప్రతివాళ్లకూ ఆ మాటే చెప్పాడు. తల్లి పోతూ పోతూ తనకు ముద్ద పెట్టిందని, చిన్నప్పటిలాగే ముల్లు తీసి పెట్టిందని చెప్పాడు. ఆయనకు ఇంతకన్నా పెద్ద ఆస్తి లేదు. ఆయన ఆ మాట చెప్పినప్పుడల్లా నాకు మరొకటి వినిపించేది. ఆఖరి ఘడియలో ఆమె మనసు పట్టుకున్నది హరిని కాదు, కొడుకును. ఈ ఇంటిని, ఈ చెరువును, ఆ గంపను. అంటే ఆమె ఎక్కడికీ చేరలేదు.

దేవుడు అంత కఠినంగా ఉంటాడా, జబ్బు చేస్తే లెక్కలోకి తీసుకోడా అని కాలేజీలో ఒక అమ్మాయి అడిగింది. నన్ను ఓదార్చాలనే అడిగింది. ఉండడని అనుకోవాలని నాకూ ఉంది. కాని నేను చదివిన దాంట్లో ధైర్యం చెప్పే మాటలు మాత్రం నావని, భయపెట్టే మాటలు నావి కావని ఎట్లా అనను? నామం గొప్పదని నమ్మేది నిజమైతే, అది రాకపోవడం కూడా నిజమే. నమ్మకం లేనివాళ్లకు మా అవ్వ ప్రేమగా పోయిన ముసలమ్మ. నాకు ఆ వెసులుబాటు లేదు. మాల తీసేయాలని అనిపించదు. తీసినా తెలిసినది తెలియకుండా పోదు.

దినాల నాడు సాయంత్రం మందిరంలో భజన పెట్టారు. ఎన్నడూ లోపలికి రాని బాపు ఆ రోజు వచ్చి చెప్పుల దగ్గర గడప పక్కన కూర్చున్నాడు. మొదలుపెట్టే ముందు గురువుగారు నన్ను దగ్గరికి పిలిచి, మెల్లగా, "నామం అన్నదా బిడ్డా?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే గడప దగ్గర నుంచి బాపు జవాబు చెప్పాడు.

"నన్ను తలుసుకున్నది గురువుగారూ. ముల్లు దీసిన, తిను కొడుకా అన్నది."

అవ్వతో నవ్విన ఆడవాళ్లు తలలు వంచుకున్నారు. నేను గురువుగారి ముఖమే చూస్తున్నాను. నాకు ఇంకా నేర్పని శ్లోకం ఏదో ఆయన దగ్గర ఉండాలి, ఇట్లాంటి వాళ్ల కోసం చెప్పినది ఎక్కడో ఉండాలి, ఇప్పుడు చెబుతారు అనుకున్నాను. ఆయన బాపు వైపు చూశారు. నా వైపు చూశారు. ఆయనకూ నాకు తెలిసినంతే తెలుసు.

"పాడు బిడ్డా" అన్నారు.

తాళాలు తీసుకుని పల్లవి ఎత్తుకున్నాను. అందరూ అందుకున్నారు. బాపుకు పాట రాదు, తాళం తెలియదు. అయినా గొంతెత్తి, చేతులు చరుస్తూ, సంతోషంగా అందరితో కలిసి నామం అంటున్నాడు. నేను ఆయన వైపు తల తిప్పకుండా చరణానికి పోయాను.