తాళంచెవి విషయమై మా సారు ఇచ్చిన వాంగ్మూలం

మా సారు గత మంగళవారం ఉదయం, ఏ అధికారి అనుమతీ కోరకుండా, కోరుట్లలోని తన ఇంటి వరండాలో కన్నుమూశారని పాఠకులకు విచారంతో నివేదిస్తున్నాను. ఒడిలో పుస్తకం తెరిచి ఉంది. కళ్లద్దాలు ముక్కుమీదే ఉన్నాయి. పుస్తకం ముగించి వెళ్లారా, మధ్యలో వెళ్లారా అన్నది ఆ ఉదయం మాకు తేలలేదు.

సారుది సిరిసిల్లలో మగ్గం నేసే కుటుంబం. మరమగ్గాల యంత్రవిద్య నేర్చుకు రమ్మని ప్రభుత్వం ఆయనను యౌవనంలో అప్పటి చెకోస్లొవేకియాకు పంపింది. ఆయన అది నేర్చుకున్నారు. దానితోపాటు ప్రభుత్వం కోరని పని కూడా ఒకటి చేశారు. అద్దెకున్న ఇంటి ముసలమ్మ దగ్గర ఆ దేశపు పాతకాలం నాటి మతకథలు చదవడం నేర్చారు. ఆ కథల్లో ఆత్మ, దేహం, లోకం, మృత్యువు మనుషుల వేషం వేసుకొని తిరుగుతుంటాయి. స్వదేశానికి వచ్చాక జగిత్యాలలో పదవీ విరమణ దాకా యంత్రపాఠాలు చెప్పారు. ఆదివారాలు మాత్రం వరండాలో ఆ కథలకు అర్థం చెప్పేవారు. శ్రోతలం నలుగురం: గొల్లపల్లి పాస్టరు, ఉర్దూ బడి పంతులు, ఒక అద్దకం మేస్త్రీ, నేను. అయినా హాజరు తీసుకునేవారు.

కథలో ఒక గాడిద కనబడగానే దాని అర్థం తేల్చాలని మాకు తొందర. "గాడిదంటే దేహమేనా సార్?" అని పాస్టరు అడిగేవారు. సారు చాయ్ కప్పు కింద పెట్టేవారు.

"ఆగుండ్రి. గాడిదను మొదలు గాడిదలెక్క నడువనియ్యుండ్రి. అది మంచిగ నడిస్తేనే గదా అర్థం మోసేది!"

రూపకకథను చదవడానికి ఇంతకు మించిన సూత్రాన్ని నేను ఇప్పటికీ ఎరుగను.

తెలంగాణ ఉద్యమం సాగుతున్న రోజుల్లో జగిత్యాల దీక్షా శిబిరంలో రోజుకొక వృత్తివారు కూర్చునే ఆనవాయితీ ఉండేది. విశ్రాంత ఉపాధ్యాయుల వంతు వచ్చినప్పుడు సారు మైకు పట్టుకుని, నినాదానికి బదులు ఒక చెక్ కథ చెప్పారు. ఒక యజమానురాలు ఉంది. ఆమె ఇంటి తాళంచెవి గుమాస్తా దగ్గర ఉంది. ఆమె గడప బయట నిలబడి అడుగుతుంది. "విషయం పరిశీలనలో ఉన్నదమ్మా" అని గుమాస్తా వినయంగా అంటాడు. ఏటా అంటాడు.

శిబిరం లేచి నిలబడింది. "గా గుమాస్త ఎవడో మాకెర్కనే సార్!" అని వెనుకనుంచి ఎవరో అరిచారు.

సారు కంగారుపడ్డారు. "ఆమె ఆత్మ నాయినా! గుమాస్త అంటే లోకం! ఇది చెక్ దేశం ముచ్చట!" అని మైకులోనే సవరణ ప్రకటించారు. సవరణకు ఇంకా ఎక్కువ చప్పట్లు పడ్డాయి.

ఆ జనంలో మఫ్టీలో కూర్చున్న కానిస్టేబుల్ ఒక నివేదిక రాశాడు. నాకు తెలిసినంతలో, పాత చెక్ సాహిత్యంపై ఈ ప్రాంతంలో వెలువడిన తొలి విమర్శ అదే. "యజమానురాలు: పేరు తెలియదు. గుమాస్తా: ప్రభుత్వంలో పెద్దవారని అనుమానం. ఆత్మ: ఆచూకీ తీయవలసి ఉంది."

మరునాడు స్టేషన్‌కు పిలిచారు. తోడుగా నేను వెళ్లాను. ఎల్లంతకుంట మనిషి అయిన ఇన్‌స్పెక్టర్ కుర్చీలు వేయించి, సంగతి మర్యాదగానే చెప్పారు. గుమాస్తా ఫలానా పెద్దమనిషి అని తేలితే శిబిరానికి అనుమతి రద్దవుతుంది. సాయంత్రానికి టెంటు పీకేస్తారు. సారు వాంగ్మూలం రాసివ్వాలి.

నేను ఆయన చెవిలో, "ఉత్త దేవుని కథ అని రాసియ్యుండ్రి సార్. టెంటు నిలుస్తది" అన్నాను.

"ఉత్త దేవుని కథనా?" అని సారు నన్ను జాలిగా చూశారు. "నిన్న చప్పట్లు కొట్టినోళ్లు తప్పు సదివిండ్రా? ఇన్నేండ్ల సంది నేనే సగం సదివిన."

ఆయన రాసింది ఇది: "యజమానురాలు అనగా ఆత్మ. గుమాస్తా అనగా లోకం. ఆ లోకంలో ఎవరెవరు ఉన్నారో కథకుడు చెప్పలేదు. నేను ఎవరినీ చేర్చలేను, ఎవరినీ తీసివేయలేను. తాళంచెవి మాత్రం ఆమెదే. ఇందులో ఏ వాక్యం అభ్యంతరకరమో తెలియజేయగలరు."

ఇన్‌స్పెక్టర్ రెండుసార్లు చదివారు. తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు.

"సార్, ఆఖరుకు తాళంచెవి ఇచ్చిండా?"

"తెల్వది. ముసలమ్మ ఇచ్చిన పుస్తకంల ఆఖరు పేజీలు లెవ్వు."

"గట్లెట్ల సార్?" ఇన్‌స్పెక్టర్ నిజంగానే నొచ్చుకున్నారు. "మరి ఆమె?"

"గడప కాడనే ఉన్నది. ఎటూ పోలె."

ఇన్‌స్పెక్టర్ పెన్ను మూత తీశారు. 'మతసంబంధ కథ. చర్య అవసరం లేదు' అని రాసి సంతకం చేశారు. టెంటు నిలిచింది.

రాష్ట్రం వచ్చిన రోజున, కోరుట్ల వీధులన్నీ గులాల్‌తో ఎర్రబడి ఉండగా, నేను వరండాకు పరుగెత్తాను. "సార్, తాళంచెవి అచ్చింది!"

ఆయన నా చేతిలోని మిఠాయి అందుకొని నిండుగా నవ్వారు. "అచ్చింది. మంచిగైంది. ఇగ లోపటికి పోయినంక కొత్త గుమాస్త ఎవలో సూస్కో."

మంగళవారం సాయంత్రం ఆ ఇన్‌స్పెక్టర్ వచ్చారు. ఇప్పుడు ఆయనా విశ్రాంత ఉద్యోగే. పూలదండ పెట్టి, వరండా మెట్టుమీద కూర్చుని, "గా పుస్తకం ఒక్కసారి ఇస్తరా?" అని నన్ను అడిగారు. ఉదయం సారు ఒడిలో తెరిచి ఉన్నది అదే; ఇచ్చాను. అప్పుడే చూశాను. లేని పేజీల చోట సారు ఎప్పుడో తెల్లకాగితాలు చేర్చి, సిరిసిల్ల నూలుతో కుట్టి ఉంచారు. ఒక్క అక్షరం రాయలేదు.

ఇన్‌స్పెక్టర్‌కు చెక్ భాష రాదు. అచ్చుపేజీలన్నీ గబగబా దాటించారు. తెల్లకాగితాలు రాగానే వేలు తడి చేసుకొని, ఒక్కొక్కటి చదవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగి, తిప్పసాగారు.